రాయికి పేరు పెట్టిన రోజు

ఆ ఆదివారం పొద్దున్నే రాళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కొత్త ఖనిజం వివరాలు, ఖనిజాల పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ సంఘానికి పంపాలి, ఆ తరవాత ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలి. ఆయన అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. జేబుల్లో రాళ్ళు, బాల్కనీలో రాళ్ళు, స్నానాలగదిలో సబ్బు పక్కన రాళ్ళు. అందుకని అందరికీ రాళ్ళాయనే.

క్వారీ నుంచి తెచ్చిన ఒక నల్లరాతి పగులులో ఆయనకు ఆవగింజంత స్ఫటికాలు దొరికాయి. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు చేతులు కలిపి ఉంగరాలుగా నిలబడ్డ తీరు అంతకుముందు ఎవరూ చూడనిది. అయితే అదే స్ఫటికం వెనక ఇంకో దేశపు ప్రయోగశాల కూడా పడిందని వారం కిందటే కబురొచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకి ఈ విడత గడువు ముగుస్తుంది. ముందు పంపినవాళ్ళది ఘనత, తరవాతివాళ్ళ వంతు చప్పట్లు కొట్టడం.

అన్నీ సిద్ధంగా ఉన్నాయి, పేరు తప్ప. ఖనిజానికి కనుక్కున్నవాళ్ళు తమ పేరు పెట్టుకోకూడదు. ఇంకెవరి పేరైనా పెట్టవచ్చు గాని, ఆ మనిషి బతికుంటే సంతకంతో అనుమతి కావాలి. ఈ నియమాన్ని ఆయన వాడుకున్న తీరే కొంప ముంచింది.

భార్య పిండి జల్లెడలో రాతిపొడి జల్లిస్తూ పట్టుబడిన రోజున "ఈ ఖనిజానికి నీ పేరే" అన్నాడు. తన మంచం కింద రాళ్ళ పెట్టెలు చూసి అత్తగారు బట్టలు సర్దుకున్న రోజున ఆవిడకీ అదే మాట ఇచ్చాడు. తను పనిచేసే పరిశోధనశాలలో ఎక్స్‌రే యంత్రం వంతు పక్క విభాగానికి పోబోయిన రోజున డైరెక్టరుగారికీ ఇచ్చాడు. ముగ్గురితోనూ "అప్పుడే ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఉప్పు డబ్బా ఖాళీ అయిన సంగతి కూడా దాగని ఆ ఇంట్లో ఈ ఒక్క రహస్యం చక్కగా దాగింది.

రంగును బట్టి ఏదో పేరు పెట్టేసి, సంఘంవాళ్ళు మనుషుల పేర్లకు ఒప్పుకోలేదని అందరికీ చెప్పేయాలని ఆయన ఉద్దేశం. కాఫీ చల్లారేలోగా వెతికి చూస్తే, ఆ రంగు పేరుతో ఎప్పుడో ఒక ఖనిజం ఉంది. ఆ క్వారీ పేరుతో రెండున్నాయి. ఆయన తల పట్టుకునేంతలో కాలింగ్ బెల్ మోగింది.

డైరెక్టరుగారు! ఒక చేతిలో కేకు, ఇంకో చేతిలో సంతకం చేసిన అనుమతి.

"ఏమయ్యా, నేనే ఆగలేకపోయాను. నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో ఓసారి చూపించు" అంటూ ఆయన సోఫాలో కూలబడ్డాడు.

వంటింట్లోంచి వస్తున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "మీ పేరేమిటండీ? అది నా పేరైతేనూ!"

"నీ పేరేమిటే?" అని గదిలోంచి అత్తగారి గొంతు. "అల్లుడుగారు నాకు మాటిచ్చారు. నేను మా అక్కచెల్లెళ్ళందరికీ చెప్పేద్దామని ఇన్నాళ్ళ నుంచీ నోరు నొక్కుకుని కూర్చున్నాను!"

ముగ్గురూ ఒకేసారి రాళ్ళాయన వైపు తిరిగారు. ఆయన కేకు వైపు చూశాడు.

"ఏమండీ, కేకు కాదు, నా మొహం చూసి చెప్పండి."

"అది... ముందు వివరాలు పూర్తి చేస్తే... పేరు దానంతటదే..."

"ఆ వివరాలిటివ్వు" అని డైరెక్టరుగారు కాగితాలు లాక్కుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ లక్షణాలు ఎవరికి తగ్గట్టున్నాయో వాళ్ళదే పేరు. సరేనా?" తనకే తగుతాయని ఆయనకు అనుమానం లేదు. సభలో చదివినట్టు గొంతెత్తి చదివాడు.

"రంగు, మురికి పసుపు. మెరుపు, జిడ్డుగా." ఆయన చెయ్యి దానంతటదే బట్టతల మీదికి వెళ్ళింది. గొంతు కాస్త తగ్గింది. "నిర్మాణం, ఉంగరాల నడుమ పెద్ద ఖాళీలు. పైకి నిండుగా కనిపించినా లోపల బోలు... ఏమయ్యా, ఇది నువ్వే రాశావా?"

"స్ఫటికం గురించి సార్!"

"తెలుస్తూనే ఉంది." ఆయన తన అనుమతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"అయితే నాదే" అంటూ అత్తగారు ముందుకొచ్చింది. "తరవాత చదవండి బాబూ."

"సొంతంగా ఎక్కడా ఉండదు. ఎప్పుడూ ఇతర ఖనిజాల సందుల్లో చేరి, వాటిని ఆనుకునే పెరుగుతుంది."

"ఓహో" అంది అత్తగారు. "కూతురింట్లో ఉంటున్నానని సైన్సులో కూడా రాసేశారా? పంపండి, ప్రపంచమంతా చదువుకుంటుంది!"

"అమ్మా, నువ్వూరుకో. ఇంకేం రాశారో చదవండి" అంది భార్య.

"కొద్దిపాటి వేడి తగిలినా నీళ్ళు వదిలి మసకబారుతుంది. అంచులు మాత్రం బాగా పదును."

"ఒక్క మాటంటే ఏడుస్తాను, పైగా నా నోరు పదును. అంతేగా? ఇంత జాగ్రత్తగా మీరు నన్నెప్పుడు గమనించారండీ?"

"నిన్ను కాదే, మైక్రోస్కోపులో..."

"నన్ను మైక్రోస్కోపులో కూడా చూశారా!"

ఆ పేజీలో చివరి వరస డైరెక్టరుగారు గొణిగాడు. "అతినీలలోహిత దీపం కింద కాంతి, పరీక్షించలేదు." పాడైన ఆ దీపం బాగుచేయించమన్న అర్జీ ఆయన బల్ల మీదే పడి ఉంది.

ఇందాకటి దాకా నాకంటే నాకన్న పేరు ఇప్పుడు నీకంటే నీకైంది. "మీకే పెట్టుకోండి సార్, పెద్దవారు." "అబ్బెబ్బే, ఆడవాళ్ళను కాదని నాకెందుకమ్మా?" "దానికి పెట్టండి, భార్యకేగా పెట్టాలి." "అమ్మకి పెడితే నాకు పెట్టినట్టే." గడియారం పన్నెండుకి దగ్గరవుతోంది. రాళ్ళాయనకు ఏడుపొక్కటే తక్కువ. ఇక తేలదని ఎవరి దారిన వాళ్ళు పోబోతూ అందరూ ఒకేసారి కుర్చీలు వెనక్కి లాగారు.

తలుపు దబదబా మోగింది. కిందింటావిడ! పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. రాళ్ళాయన ఇంట్లో రాళ్ళు కొట్టినప్పుడల్లా మెట్లెక్కి వచ్చి తిట్టిపోవడం ఆవిడకు అలవాటు.

"సుత్తి చాలక ఇప్పుడు కుర్చీలు కూడానా? మీ కింద మనుషులున్నారా, చచ్చారా అనేమైనా ఉందా?"

"క్షమించండి పిన్నిగారూ, పేరు దొరక్క..." అంటూ ఆయన గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేశాడు. కోపంలో ఉన్న ఆవిడ డైరెక్టరుగారి చేతిలోంచి కాగితాలు గుంజుకుని నిలబడే చదివింది.

"మురికి పసుపా? ఉండనీ, నాకు రెండుసార్లు కామెర్లొచ్చాయి. అంచులు పదును, నిజమే. ఇదేమిటి, చివరి పేజీలో? ఎంత గాఢమైన ఆమ్లంలో వేసినా కరగదా?"

ఆ పేజీ అప్పటిదాకా ఎవరూ తిప్పలేదు.

"కరగదండి. మూడు రకాల ఆమ్లాల్లో వేసి చూశాను."

"ముగ్గురు సూపరింటెండెంట్ల కింద పనిచేశాను నాయనా. నేనూ కరగలేదు. ఇది నేనే. పెన్నేదీ?"

గడువుకు నాలుగు నిమిషాల ముందు వివరాలు వెళ్ళిపోయాయి. కేకు కూడా ఆవిడే కోసింది.

కొన్ని నెలలకు సంఘం ఒప్పుకుంది. రెండో ప్రయోగశాలవాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. మ్యూజియంలో కొత్త ఖనిజాన్ని చూపించే రోజున అందరూ వెళ్ళారు. అక్కడివాళ్ళు గదిలో దీపాలార్పి, స్ఫటికం మీద తమ అతినీలలోహిత దీపం వేశారు. ఆ మురికి పసుపు ఆవగింజ ఒక్కసారిగా నెమలి మెడ రంగులో భగ్గుమంది. గదిలో ఉన్నవాళ్ళంతా "అబ్బ!" అన్నారు. చీకట్లో దాని పక్క చీటీ మీద కిందింటావిడ పేరొక్కటే వెలుగుతోంది.

"ఇది ముందే రాసి ఉంటే మీ సొమ్మేం పోయేదండీ?" అని భార్య ఆయన చెవి కొరికింది. అత్తగారు అల్లుడితో రెండు రోజులు మాట్లాడలేదు. డైరెక్టరుగారు సోమవారం పొద్దున్నే దీపం అర్జీ మీద సంతకం పెట్టి, "ఏమయ్యా, ఆ క్వారీలో ఇంకేమైనా దొరికేట్టుందా?" అని అడిగాడు.

కిందింటావిడ ఇప్పుడు కూడా మెట్లెక్కి వస్తుంది, కాకపోతే సుత్తి చప్పుడు వినబడని రోజున.