దయచేసి ఇక కట్టకండి

ఆత్మకు మోక్షం ఉందో లేదో పెద్దలు ఇంకా తేల్చలేదు గాని, పోస్ట్‌పెయిడ్ నంబరుకు మాత్రం లేదని ఫోన్ కంపెనీవారు తేల్చేశారు.

నా పాత నంబరు అలాంటి చిరంజీవి. నిరుడు దాన్ని నర్సీపట్నం మెయిన్‌రోడ్డులో కంపెనీ దుకాణానికి వెళ్లి వదిలేశాను. కౌంటర్లో అమ్మాయి నా కళ్లముందే సిమ్మును కత్తెరతో రెండు ముక్కలు చేసి "అయిపోయిందండి" అంది. రసీదు అడిగితే, లేనిదానికి రసీదేమిటన్నట్టు చూసింది. కొన్నాళ్లకు ఆ దుకాణం బిర్యానీ పాయింటు అయిపోయింది. నంబరు మాత్రం కంపెనీ కంప్యూటర్లో సుఖంగా ఉంటూ, నెలనెలా తన అద్దె తానే వేసుకుంటూ నాలుగు వేల చిల్లరకు ఎదిగింది. (మా ఇంట్లో ఏ పొదుపూ ఇంత క్రమశిక్షణతో పెరగలేదు.)

ఆ తర్వాత 'స్నేహపూర్వక బకాయి జ్ఞాపన విభాగం' నుంచి రాజుబాబు అనే వసూళ్ల ఉద్యోగి నా కొత్త నంబరుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"పుష్పవతి మేడమేనా అండి? కట్టకపోతే లీగల్‌గా ఎల్తామండి."

"వెళ్లండి బాబూ. మీదే ఊరు?"

"గొలుగొండండి. ఊరుతో మీకేటి పని?"

"ఈ ఎండల్లో అంత దూరం నుంచి లీగల్‌గా వెళ్లాలంటే కష్టం కదా. ఇటు వస్తే మజ్జిగ తాగి వెళ్లండి."

ఇలాంటి మాట అవతలివాళ్లు అంటే ఏం చెయ్యాలో వాళ్ల శిక్షణలో చెప్పలేదనుకుంటాను, ఫోన్ పెట్టేశాడు.

నవ్వి ఊరుకోవలసిన వ్యవహారమే. కాని సరిగ్గా అప్పుడే మా డ్వాక్రా సంఘం బ్యాంకు లోనుకు పెట్టుకుంది. నేను లీడర్ని. మా సభ్యులు ఏటా గణేశ్వరరావుగారి షెడ్డులో కూలికి జీడిపిక్కలు కొడతారు. జీడి సొనకి చేతులు కాలేది వీళ్లకి, పప్పు ఆయనకి. ఈ ఒక్క ఏడాదైనా కోటవురట్ల తోటల్లో సొంతంగా పిక్కలు కొని సొంతంగా కొట్టుకుందామని వాళ్ల ఆశ. పిక్కలు రాలే కాలం దాటితే లోను వచ్చినా కొనడానికి ఏమీ ఉండదు.

బ్యాంకు మేనేజరు జగదీశ్వరరావుగారు కంప్యూటరు చూసి చాలా మర్యాదగా చెప్పారు. "అన్నీ బాగున్నాయండి. లీడరుగారి పేరు మీద ఫోన్ బాకీ మచ్చ ఒకటి ఉంది. అది పోయిన మర్నాడే డబ్బు వేస్తాను."

సంఘం మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పాను. అది నాది కాని బాకీ అనీ, కంపెనీకి రాశాననీ, ఎవరూ కంగారు పడవద్దనీ. అందరూ తలలూపారు. (మా సంఘం తల ఊపిందంటే భయపడాలని నాకు అప్పటికి తెలియదు.)

కంపెనీకి రాసిన ప్రతి ఫిర్యాదుకూ 'మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం' అని జవాబు వచ్చింది. దాన్ని వదులుకోవడానికి వారికి మనసు రాలేదని గ్రహించాను.

ఈలోగా రాజుబాబు తరువాతి నియమానికి వెళ్లాడు. ఆ నియమం ప్రకారం బాకీదారు కనెక్షను తీసుకున్నప్పుడు తెలిసినవారని ఎవరి నంబర్లు రాశారో వారందరికీ ఫోన్ చేసి సంగతి చెప్పాలి. నలుగురికీ తెలిస్తే సిగ్గుపడి కడతారని దాని ఉద్దేశం. నేను రాసినవి మా సంఘం వాళ్ల నంబర్లే. నియమం రాసిన పెద్దమనిషి ఏ ఊళ్లో పుట్టాడో గాని, అక్కడ డ్వాక్రా సంఘం లేదు.

తరువాత వారం రాజుబాబు స్వయంగా మా గుమ్మంలో నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. మజ్జిగ ఇచ్చాను. రెండో గ్లాసూ ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"మేడం, దయచేసి ఇక కట్టకండి."

"నేను కట్టలేదే."

"నాలుగు సార్లు కట్టేసేరండి. బాకీ ఒక్కటే ఉంది, కట్టడం నాలుగు సార్లయింది. మా పై ఆఫీసోళ్లు నన్ను పట్టుకున్నారు. వసూలు తక్కువైతే తిట్టడానికి ఒక సారుండేడు. ఎక్కువైతే తిట్టడానికి కొత్తగా ఒక సార్ని వేసేరండి."

సాయంత్రం సంఘాన్ని పిలిచాను. అడగ్గానే అందరికీ ఒక్కసారిగా చీర చెంగులు సర్దుకునే పని పడింది. చివరికి అందరిలోకీ పెద్దదైన గున్నమ్మ నోరు విప్పింది.

"ఆ బాబు ఫోన్ సేసి, 'ఆవిడ పరువు పోద్ది' అన్నాడమ్మా. మనకి బేగి లోనొస్తాదని కూడాను, కట్టీసేను."

"నువ్వా పిన్నీ?" అంది అప్పలలక్ష్మి తెల్లబోయి. "నేనొక్కర్తినే కట్టేననుకున్నాను."

బేబి గోడకేసి చూస్తూ, "నేను కడతా, మా లీడరక్కకి మాత్రం సెప్పకండని ఆయన చేత ఒట్టేయించుకున్నాను. అచ్చియమ్మొదిన కూడా కట్టిందంట, ఇప్పుడే సెవిలో సెప్పింది" అంది.

రాజుబాబు ఒట్టు తప్పని మనిషి. నలుగురికి నాలుగు ఒట్లు వేసి నాలుగూ నిలబెట్టుకున్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పి కట్టవచ్చుగా," అన్నాను.

"సంఘంలో మడిసి ఎనకబడితే సెప్పి కడతామేటి?" అంది గున్నమ్మ. "సెప్పి కడితే అది సాయం కాదు, సాటింపు."

డబ్బు ఎక్కడిదని అడగలేదు. పిక్కలు కొనే ముందు తోటవాళ్లకి బయానా ఇవ్వడానికి దాచుకున్నదేనని అందరికీ తెలుసు.

మర్నాడు బ్యాంకుకు వెళితే జగదీశ్వరరావుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. బాకీ పోయింది గాని మచ్చ పోలేదు. కంపెనీవారి నియమం ప్రకారం ఖాతా సున్నా దగ్గర నిలబడితేనే మచ్చ తీస్తారు. సున్నాకు కింద ఉంటే మొండి బాకీ. పైన ఉంటే 'అసాధారణ జమ, పరిశీలనలో ఉంది'.

"తప్పు మీది కాదని నాకు తెలుసండి. కంప్యూటరుకి తెలీదు," అన్నారాయన. ఆయన నిజంగానే బాధపడ్డారు. (బాధపడడానికి పై అధికారి అనుమతి అక్కరలేదట.)

ఎక్కువైన డబ్బు వెనక్కి ఇవ్వమని కంపెనీని అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నారు. ఓటీపీ చెబితే చాలన్నారు. ఓటీపీ ఆ పాత నంబరుకే వెళుతుంది. ఆ సిమ్ము రెండు ముక్కలుగా ఎక్కడుందో దేవుడికెరుక. కొత్త సిమ్ము ఇవ్వండి అంటే, పరిశీలనలో ఉన్న ఖాతాకు ఇవ్వకూడదట. అయితే కంగారు లేదు, ఇంత డబ్బు జమ ఉంది గనక నంబరును తిరిగి బతికించామనీ, నెలనెలా అద్దె అందులోంచే విరుచుకుంటామనీ చెప్పారు.

"అలా విరుచుకుంటే సున్నా ఎప్పటికి వస్తుంది?" అని మళ్లీ మజ్జిగకు వచ్చిన రాజుబాబును అడిగాను. అతను వేళ్ల మీద లెక్కపెట్టి, ఆగి, మళ్లీ లెక్కపెట్టాడు.

"ఎలా లేదన్నా రెండు పిక్కల సీజన్లు దాటిపోతాయండి. కాని మేడం, సున్నా అన్నది ఒక్క పూటే ఉంటాది. ఆ పూటే దరకాస్తు పెట్టాలి. మర్నాటికి మళ్లా బాకీ పడిపోద్ది."

"ఆ పూట ఆదివారమైతే?"

"మళ్లా నేనే వస్తానండి," అన్నాడు దిగులుగా.

తోటల్లో పిక్కలు రాలాయి. గణేశ్వరరావుగారు కొన్నారు. మా వాళ్లు ఎప్పటిలాగే ఆయన షెడ్డులో కూలికి కూర్చున్నారు. బయానా డబ్బులు పోయినందుకు నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇబ్బంది. ఊరికే చూస్తూ ఉండలేక నేనూ చేతులకు నూనె రాసుకుని వాళ్ల పక్కన పీట వేసుకున్నాను.

అలా పిక్కలు కొడుతుండగా నా ఫోన్ మోగింది. బేబి మోచేత్తో స్పీకరు నొక్కింది. కంపెనీ నుంచి ఒక తియ్యటి గొంతు. సకాలంలో పదే పదే చెల్లించినందుకు నన్ను 'విశిష్ట ఖాతాదారు'గా గుర్తించారట. వారి సేవలకు అయిదుకి ఎన్ని మార్కులు వేస్తానో చెప్పాలట.

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగింది. నలుగురూ నాకేసి చూశారు.

అయిదుకి అయిదూ వేశాను. తక్కువ వేస్తే ఆ తగ్గినవి కూడా వీళ్లు నాకు తెలియకుండా కట్టేస్తారు.