పరదేశి ఇల్లు పైకి లేచింది

లోకంలో కొండలు కదలొచ్చు, నదులు దారి మార్చుకోవచ్చు గానీ, ప్రభుత్వ కార్యాలయం మాత్రం కుంగదు. కుంగినట్టు కనబడితే లోపం మన కంటిదే. ఈ సత్యం, చోడవరంలోని భూమి కుంగుబాటు కొలతల కార్యాలయానికి నాలుగోసారి వెళ్లేదాకా పరదేశి బుర్రకెక్కలేదు.

వడ్డాది దగ్గర అతనిది రెండెకరాల చెరుకు, రెండు గదుల ఇల్లు. చెరుకుకీ వరికీ ఊరంతా పోటీలుపడి బోర్లు దించారు (పరదేశీ ఒకటి దించాడు, అబద్ధమెందుకు). అడుగున నీళ్లు పోయాయి, పైన నేల దిగింది. పడమటి గోడ బీటలువారింది. మొదట ఆ బీటలో వేలు పట్టింది, తర్వాత చెయ్యి పట్టింది, ఉగాది నాటికి కోడిపెట్ట ఇటు దూరి అటు తేలింది. ఆ గోడ పక్కనే కూతురు చిన్నారి మంచం. రెండో గదిలో వేద్దామంటే అక్కడి గోడ ఇంకా అన్యాయం.

"వానలొస్తే ఇది ఆగదు మావా. మన గుంట చిన్నారి మీద పడిపోద్ది. ఆ కాగితమేదో తొరగా తే," అంది పెళ్లాం పైడితల్లి.

ఆ కాగితం పేరు కుంగుబాటు ధ్రువపత్రం. అది ఉంటేనే గట్టినేల మీద వేరే ఇంటిస్థలం ఇస్తారు.

మొదటిసారి పరదేశి మూడు మెట్లెక్కి లోపలికెళ్లాడు. అధికారి ఫణిభూషణ్ గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి మన నెత్తిమీదకొచ్చి రాడార్ వేస్తుందనీ, నేల గోరంత కుంగినా పట్టేస్తుందనీ ఓపిగ్గా చెప్పారు.

"ఓపాలి మా ఇంటికొచ్చి గోడ సూడండి బాబూ. సెయ్యి దూరుతంది."

"చేతులు దూర్చి కొలిచే రోజులు పోయాయి పరదేశీ. ఇప్పుడంతా ఆకాశం నుంచే."

రెండోసారి రెండు మెట్లే ఎక్కాడు. ఫలితం రాలేదన్నారు. మూడోసారికి మెట్లే లేవు, వాకిట్లోంచి తిన్నగా లోపలికి నడిచాడు. (కార్యాలయం వెనక, భూగర్భ జల సంరక్షణ వారోత్సవాల గుర్తుగా పచ్చిక పెంచుతున్నారు. దాని కోసం అయిదొందల అడుగుల బోరు ఆగకుండా ఆడుతోంది.) ఈసారి ఫలితం వచ్చింది.

"శుభవార్త. మీ ఇల్లు జానెడు పైకి లేచింది."

"లెగడమేటి బాబూ! కుంగిపోతంటేను!"

"దేనితో పోలిస్తే?" అన్నారు ఫణిభూషణ్. కొలవాలంటే కదలని చోటు ఒకటి ఉండాలట. నాలుగో నిబంధన ప్రకారం ఆ చోటు ఈ కార్యాలయమేనట.

పరదేశికి ఒళ్లు మండింది. "ఈ ఆఫీసే దిగిపోతంది బాబూ! మొదట మూడు మెట్లెక్కి వచ్చేను. ఇయ్యాల మెట్లేవీ?"

ఫణిభూషణ్ కళ్లజోడు తుడుచుకుని, మెట్లెక్కే పని లేనంత ఎత్తు పెరిగినట్టు అర్జీదారు కూడా తన నోటితో ఒప్పుకున్నారని ఫైల్లో రాసుకున్నారు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఇంటి ఎత్తు పెంచినందుకు సంజాయిషీ ఇవ్వాలట. పైడితల్లి దాన్ని రెండుసార్లు చదివించుకుని, "మనవేటి, మేడేసేమా?" అంది.

వానలు మొదలయ్యాయి. మూడోనాటి మధ్యాహ్నం పడమటి గోడ మంచం మీద పడింది. చిన్నారి బడిలో ఉంది. (ఉపగ్రహం రావడానికి ఇంకా అయిదు రోజులుంది.)

నాలుగోసారి పరదేశి విరిగిన మంచంకోడు పట్టుకుని, కార్యాలయంలోకి రెండడుగుల లోతుకి దిగాడు. లోపల మోకాలి బంటి నీళ్లు. ఫణిభూషణ్ గారు బల్లమీద బాసింపట్టు వేసుకుని ఫైళ్లు చూస్తున్నారు.

"గోడ పడిపోనాది బాబూ," అన్నాడు పరదేశి. "గుంట బడికెళ్లింది గనక బతికింది. ఇప్పుడైనా ఆ కాగితం ఇప్పించండి."

ఫణిభూషణ్ నిజంగానే బాధపడ్డారు. ఉపగ్రహం పంపిన పటం తీసి చాలాసేపు చూశారు.

"గోడ పడలేదు పరదేశీ," అన్నారు మెల్లగా. "ఇల్లు పైకి లేస్తుంటే, పాపం, అది వెంట రాలేకపోయింది."