హాలోవే క్లాసులో రత్నరాజు గారి హోదా

ఒక మనిషికి ఇంగ్లీషు వచ్చునా రాదా అన్నది ఆ మనిషి నోటికి గాని, వినేవాళ్ళ చెవులకు గాని సంబంధించిన విషయం కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రెయిరీ గ్రోవ్ కమ్యూనిటీ కాలేజీ రెండో అంతస్తులో, మంగళవారాలూ గురువారాలూ మాత్రమే తెరుచుకునే ఒక కిటికీ తేల్చవలసిన విషయం అది. ఈ సత్యం బోధపడటానికి మా రత్నరాజు గారికి రెండేళ్ళు పట్టింది. చదువుకున్నవారు కాబట్టి తొందరగానే బోధపడిందని మా చర్చిలో అందరం సంతోషించాం.

రత్నరాజు గారు బందరులో ఒక మిషన్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి వచ్చారు. ఆయన జీవితమంతా చదివిందీ చెప్పిందీ ఎడ్మండ్ హాలోవే అనే ఒక్క మనిషి గురించి. ఈ హాలోవే మూడున్నర శతాబ్దాల కిందటి ఇంగ్లీషు నాటకకర్త, కవి. కొవ్వొత్తులు పోసేవాడి కొడుకు. తండ్రి కొట్లోంచి పారిపోయి లండన్‌లో నాటకాల కంపెనీలో చేరి, మొదట తెరలు లాగి, తర్వాత తెర వెనక నిలబడి మాటలందించి, చివరికి తనే నాటకాలు రాశాడు. ఒక బిషప్పు గారి ముక్కు మీద పద్యం రాసి జైలుకు వెళ్ళాడు. జైల్లో తీరిక దొరికింది కాబట్టి బిషప్పు గారి చెవుల మీద ఇంకొకటి రాశాడు. అలాంటి మనిషిని పట్టుకుని బందరు కుర్రాళ్ళకి పాఠం చెబుతుంటే, పక్క క్లాసులో లెక్కల మాస్టారు కూడా లెక్క ఆపి వినేవారట.

ఆయన భార్య ప్రేమజ్యోతి గారు నర్సు. ఆ రోజుల్లో అమెరికాకు నర్సులు కావలసి వచ్చారు. (హాలోవే పండితులు కావాలని ఎంబసీ వారు ఎన్నడూ ప్రకటన ఇచ్చినట్టు లేదు.) అందుకని ఆమె ముందు వచ్చారు. ఏడాది తర్వాత ఆయన వచ్చారు. నేపర్‌విల్‌లో అపార్ట్‌మెంటు తీసుకున్నారు. ఆమె హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళగానే ఆయన అంట్లు తోమి, లాండ్రీ మడతపెట్టి, రైస్ కుక్కర్ స్విచ్ వేసి, అప్పుడు గోడవైపు తిరిగి హాలోవే చెప్పేవారు. వినేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి. గోడలేమో పల్చన. పక్కింటాయన మేనేజరుకి ఫోన్ చేసి, "మా పక్కింట్లో రోజూ ఎవరో రాజుని గద్దె దించుతున్నారు, కాస్త చూడండి," అని కంప్లయింట్ ఇచ్చాడు.

ఎనభై ఒకటిలో, ఆకులు రంగు మారే రోజుల్లో, ఊరి పేపర్లో కాలేజీ వాళ్ళ ప్రకటన పడింది. పెద్దవాళ్ళ కోసం సాయంత్రం క్లాసు, 'ఎడ్మండ్ హాలోవే: జీవితం, రచనలు'. బోధకుడు కావలెను. ప్రేమజ్యోతి గారు ఆ ముక్క కత్తిరించి ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టారు. ఆయన చదివి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని చదివారు.

"జ్యోతీ, ఇది నా కోసమే వేసినట్టుంది."

"అందుకే కత్తిరించాను. సూటు ఇస్త్రీ చేశాను, వెళ్ళి రండి."

కిటికీ వెనక మిసెస్ విట్‌కూంబ్ అనే అధికారిణి ఉండేవారు. ఆవిడ హోదా 'విదేశీ అర్హతల సమానీకరణ పర్యవేక్షకురాలు'. మంచి మనిషి. రూలు పుస్తకాన్ని పసిపాపలా రెండు చేతులతో పట్టుకునేవారు.

"మీ మాతృభాష?"

"తెలుగు మేడమ్."

"అది ఇంగ్లీషులో ఒక రకమా?"

"కాదు మేడమ్."

"అయితే మీకు ఇంగ్లీషు రాదన్న ఊహతో మొదలుపెట్టాలి. మనసులో పెట్టుకోకండి, రూలు అలా ఉంది."

"మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నది ఇంగ్లీషే కదండీ?"

ఆవిడ పుస్తకం తిరగేశారు. చాలాసేపు వెతికారు. "ఇది అనధికారికంగా," అన్నారు చివరికి.

అధికారికంగా మాట్లాడటానికి పరీక్ష పెట్టారు. అందులో హాలోవే లేడు. 'స్నేహితుడు ఎదురై "వాట్సప్?" అంటే మీరేమంటారు?' అన్నది మొదటి ప్రశ్న. రత్నరాజు గారు స్నేహితుడి క్షేమం కోరుతూ, తన ఆరోగ్యం గురించీ దేశకాల పరిస్థితుల గురించీ ఒక నిండు పేరా రాశారు. సెమికోలన్లు కూడా పెట్టారు. సరైన జవాబు 'నాట్ మచ్'. తర్వాతి ప్రశ్నలో హాంబర్గర్ ఆర్డర్ చేయమన్నారు. ఆయన కౌంటర్లో పిల్లని 'దయగల యువతీ' అని సంబోధించారు.

ఫలితం పోస్టులో వచ్చింది. 'అభ్యర్థి వ్యాకరణం నిర్దోషం. అయితే అభ్యర్థి తన ఇంగ్లీషును ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నట్టు కనబడుతున్నది. కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునేవారి లెవెల్ టూ క్లాసులో చేరవలెను.'

ప్రేమజ్యోతి గారు చదివి మొదట నవ్వారు. ఆయన నవ్వకపోవటం చూసి ఆపేశారు.

"వదిలేయండి. వాళ్ళ ఉద్యోగం లేకపోతే మనకి గడవదా?"

"వదిలేస్తే గోడకే చెప్పుకోవాలి జ్యోతీ. గోడ అవతలివాడు కూడా ఒప్పుకోవటం లేదు."

లెవెల్ టూలో చేరారు. పోలండ్ నుంచి వచ్చిన వడ్రంగికీ, వియత్నాం నుంచి వచ్చిన అత్తాకోడళ్ళకీ మధ్య కూర్చుని 'దిస్ ఈజ్ ఎ పెన్సిల్' అని మిగతా అందరితో కలిసి అన్నారు. పెన్సిల్ అన్న మాటని అంత గంభీరంగా ఎవరూ ఎప్పుడూ పలికి ఉండరు. టీచరమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

ఈలోగా హాలోవే క్లాసుకి బోధకుడు దొరికాడు. కోచ్ డన్ అని బాస్కెట్‌బాల్ నేర్పేవాడు. ఆ టర్ములో ఆయన టైంటేబుల్లో ఒక ఖాళీ ఉంది, హాలోవే క్లాసుకి సరిగ్గా అంతే జాగా కావాలి. కాబట్టి దీన్ని కాలేజీ వారు దైవనిర్ణయంగా భావించారు. కోచ్ డన్‌కి ఇంగ్లీషు వచ్చునని పరీక్ష పెట్టనక్కర్లేదు. ఆయన అయోవాలో పుట్టాడు.

ఒక సాయంత్రం కాఫీ మెషిన్ దగ్గర ఆ ఆరడుగుల పైచిలుకు మనిషి లావాటి పుస్తకం చంకలో పెట్టుకుని దిగాలుగా నిలబడి ఉన్నాడు. రత్నరాజు గారి కళ్ళు ముందు పుస్తకం మీద పడ్డాయి.

"హాలోవే! ఆహా, ఇది పాత ముద్రణ. వెనక జైలు పద్యాలు కూడా ఉంటాయి చూడండి."

"ఈయన నీకు తెలుసా?" అన్నాడు కోచ్, ప్రాణం లేచొచ్చినట్టు. "నిన్నటిదాకా గుర్రప్పందేల జాకీ అనుకున్నాను. వచ్చేవారం నుంచి క్లాసు చెప్పాలి."

రత్నరాజు గారు ఆ మెషిన్ దగ్గరే నిలబడి కొవ్వొత్తుల కొట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయింది. కోచ్ నోరు తెరుచుకుని విన్నాడు.

"ఈ క్లాసు నువ్వే ఎందుకు చెప్పకూడదు?"

"నాకు ఇంగ్లీషు రాదు," అన్నారు రత్నరాజు గారు, వినయంగా, అచ్చమైన ఇంగ్లీషులో.

కోచ్ డన్ ఓడిపోయే మ్యాచిలో కూడా చివరిదాకా అరిచే రకం. కిటికీ తెరిచే రోజు పొద్దున్నే రత్నరాజు గారిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాడు. అతిథి ఉపన్యాసకుడిగా రానివ్వమన్నాడు. అతిథికీ ఇంగ్లీషు పరీక్ష ఉంది. పోనీ హాలోవే క్లాసులో విద్యార్థిగా చేర్చుకోమన్నాడు. విద్యార్థి లెవెల్ ఫోర్ పాసై ఉండాలి. మిసెస్ విట్‌కూంబ్‌కి నిజంగానే బాధ కలిగింది. పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు, మధ్యాహ్నం లంచ్ కూడా మానేశారు. ఒకచోట వేలు ఆగింది.

"బోధకుడు తన క్లాసుకు అవసరమైన ప్రదర్శన సామగ్రిని ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు," అని చదివారు. "స్లైడ్ ప్రొజెక్టరు, అస్థిపంజరం, వగైరా. సామగ్రికి భాషా పరీక్ష పెట్టాలని ఎక్కడా లేదు."

కోచ్ డన్ రత్నరాజు గారిని ఒక అడుగు ముందుకి నెట్టాడు.

ఆ విధంగా రత్నరాజు గారు వగైరాలో చేరారు. రూలు ప్రకారం సామగ్రికి పసుపుపచ్చ చీటీ కట్టాలి. కోటు బొత్తానికి కట్టారు. మిసెస్ విట్‌కూంబ్ స్వయంగా, బొత్తాం ఊడకుండా, జాగ్రత్తగా కట్టారు.

ఇంటికి వెళ్ళాక ప్రేమజ్యోతి గారు ఆ చీటీ చూశారు.

"ఇదేంటండీ? మా హాస్పిటల్లో వీల్‌చెయిర్లకి కడతారు ఇలాంటివి."

"వీల్‌చెయిర్లని లోపలికి రానిస్తారు కదా జ్యోతీ."

ఆమె దగ్గరకి వచ్చారు. చీటీ దారం వదులుగా ఉంటే బిగించి ముడి వేశారు.

మొదటి క్లాసుకి వచ్చినవాళ్ళు కొద్దిమందే. అందులో హెరాల్డ్ అని, షికాగో రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. కోచ్ లేచి, "ఇవాళ్టి సామగ్రి ఇది," అని పరిచయం చేసి వెనక బెంచీకి వెళ్ళిపోయాడు. రత్నరాజు గారు హాలోవే నాటకాల్లోకెల్లా గొప్పదనిపించుకున్న 'గుమ్మం బయటి రాజు' ఎత్తుకున్నారు. యుద్ధం నుంచి రాజు తిరిగొస్తాడు. గడ్డం పెరిగి, చిక్కి, కోట గుమ్మం ముందు నిలబడతాడు. కాపలావాడు గుర్తుపట్టడు. రాజువని రుజువేమిటంటాడు. నా మాటే రుజువంటాడు రాజు. మా రాజు గొంతు ఇంతకంటే పెద్దదంటాడు కాపలావాడు.

రెండు వేషాలూ ఆయనే వేశారు. కాపలావాడు నడుం మీద చెయ్యి వేసుకుని ఆవులిస్తుంటే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రాజు జవాబు చెప్పాలి. బందరులో ఎన్ని బ్యాచీలకి చెప్పారో ఆ జవాబు, ఒక్కసారి తడుముకున్నది లేదు. ఇప్పుడు మాత్రం రాజు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. మాట రాలేదు. కోటు మీద పసుపు చీటీ అటూ ఇటూ ఊగుతోంది. కోచ్ సగం లేచాడు.

"తలుపు తియ్యరా బాబూ, ఆయన రాజే!" అని ముందు వరసలోంచి హెరాల్డ్ అరిచాడు. అరిచి, కళ్ళు తుడుచుకున్నాడు. "టికెట్ లేదని నేనూ దించేశాను ఎంతోమందిని," అన్నాడు పక్కావిడతో.

అప్పుడు రాజు జవాబు చెప్పాడు. గది బయట కారిడార్‌లో తుడుస్తున్నవాళ్ళు కూడా ఆగి విన్నారట.

వారం వారం జనం పెరిగారు. గది చాలక జిమ్‌లోకి మార్చారు. మేమూ చర్చి నుంచి రెండు కార్లలో వెళ్ళాం. మా దేవకుమార్ ఇంజనీరు, సిటిజన్‌షిప్ పేపర్లకోసం లాయర్ల చుట్టూ తిరిగి తిరిగి విసిగినవాడు, క్లాసయ్యాక చీటీ పట్టుకు చూసి, "మాస్టారూ, మేమంతా ఇంకా రెసిడెంట్లమే. మిమ్మల్ని ఏకంగా ప్రాపర్టీ చేసుకున్నారు. అదృష్టం," అన్నాడు. రత్నరాజు గారు నవ్వారు. ఆ నెలల్లో ఆయన బాగా నవ్వేవారు. గోడవైపు తిరగటం మానేశారు. పక్కింటాయన కూడా జిమ్‌కి వచ్చి, రాజు గారి సంగతి చివరికేమైందో తెలుసుకుని స్థిమితపడ్డాడు.

సంవత్సరాంతంలో కాలేజీ వారు ఉత్తమ బోధకుడి పతకం కోచ్ డన్‌కి ఇచ్చారు. ఆయన వేదిక ఎక్కి, "ఇది నాది కాదు, నా సామగ్రిది," అన్నాడు. అంత నిగర్విని తాము చూడలేదని సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన మళ్ళీ చెప్పబోతే ఇంకా గట్టిగా కొట్టింది.

ఈ మధ్యలో రత్నరాజు గారు లెవెల్ త్రీ దాటి ఫోర్‌కి వచ్చారు. 'వాట్సప్?' అంటే కన్ను ఆర్పకుండా 'నాట్ మచ్' అనగలిగే స్థితికి చేరారు. పరీక్ష పాసయ్యారు. మిసెస్ విట్‌కూంబ్ కిటికీలోంచి చెయ్యి బయటకి చాపి అభినందించారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క చిన్న ఇబ్బంది," అన్నారు. భాష వచ్చునని ధ్రువపడినదేదీ సామగ్రి కిందకి రాదు. బోధకుడి స్థానమేమో ఖాళీ లేదు, పతకగ్రహీత ఉన్నాడు. ఇది విని కోచ్ డన్ ఆ క్లాసుకి రాజీనామా ఇచ్చాడు, ఇక రత్నరాజు గారికే ఇస్తారన్న నమ్మకంతో. పతకం పొందిన బోధకుడు తప్పుకున్న క్లాసు నాణ్యత పడిపోతుందని కమిటీ ఆలోచించి, క్లాసే ఎత్తేసింది.

కోచ్ రత్నరాజు గారింటికి వచ్చి సోఫాలో కూలబడి తల పట్టుకున్నాడు. ప్రేమజ్యోతి గారు ఆయనకి పెసరట్లు వేసి పెట్టారు. ఏడుపు మొహంతోనే నాలుగు తిన్నాడు.

అయితే కాలేజీ వారు రత్నరాజు గారిని మరిచిపోలేదు. వలస వచ్చినవాళ్ళకి 'అమెరికన్ ఉచ్చారణ' అని కొత్త క్లాసు పెట్టి, బోధకుడిగా పిలిచారు. ఈసారి చీటీ లేదు, ఐడీ కార్డు ఇచ్చారు. టేపులన్నీ కాలిఫోర్నియాలో తయారై వచ్చాయి. ఆయన బటన్ నొక్కాలి, ఆపాలి, మళ్ళీ నొక్కాలి. టేపు నడిచేటప్పుడు గాని, ఆగినప్పుడు గాని తను మాట్లాడకూడదు. మాట్లాడితే ఆయన యాస విద్యార్థులకి అంటుకుంటుందని కమిటీ భయం.

"వద్దండీ, ఒప్పుకోకండి," అన్నారు ప్రేమజ్యోతి గారు.

"తలుపు మీద పేరు వేస్తారట జ్యోతీ. ఇంగ్లీషు అని రాసి, కింద నా పేరు."

ఆమె ఆయన మొహంలోకి చూసి, వెళ్ళి సూటు ఇస్త్రీ చేశారు. ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేశాం. మొదటి టర్ము ముగిశాక కాలేజీ వారు ఒక పరిశీలకురాలిని పంపారు. ఆవిడ వెనక బెంచీలో క్లాసు అయ్యేదాకా కూర్చుని రిపోర్టు రాసింది: 'బోధకుడి ఉచ్చారణలో ఒక్క దోషం కూడా వినబడలేదు.'