గేటు బయట ఆఫీసరు

"పది నిమిషాల పని, ఇలా వెళ్ళి అలా వచ్చేద్దాం," అన్నాడు రూల్సుగారు ఆరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ. ఆ మాట విని భార్య మంచినీళ్ళ సీసా, నొప్పి మాత్రలు, చదువుకోవడానికి ఒక లావుపాటి నవల సంచిలో పెట్టుకుంది. ఆయన చెప్పే పది నిమిషాలతో ఆవిడ చాలా ఏళ్ళుగా కాపురం చేస్తోంది.

ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో ఆయన సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు. అంటే మొన్నటిదాకా. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది గానీ, నోళ్ళలో మాత్రం ఆయన రూల్సుగారే. బావమరిది ఫర్నిచర్ షాపులో మేనేజరుగా చేరడానికి ఈ ఉద్యోగం వదిలేశాడు. అక్కడ జీతం ఎక్కువే, ఇన్సూరెన్సే లేదు. ఇక్కడేమో ఇంటావిడకి పిత్తాశయంలో రాళ్ళు, సోమవారం ఆపరేషన్. మానేసినవాళ్ళు కూడా సొంత డబ్బు కట్టుకుని కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ కొనసాగించుకోవచ్చు, కాకపోతే గడువులోపల దరఖాస్తు ఇవ్వాలి. ఆ గడువు ఈ సాయంత్రంతో సరి. ఉద్యోగంలో ఉండగానే ఇచ్చి ఏడవచ్చు కదా అంటే, ఉన్నవాళ్ళ దగ్గర ఆ దరఖాస్తు తీసుకోకూడదని రూలు. ఆ రూలు రాసింది ఆయనే.

వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టాడు గానీ గేటు తీయలేదు. మానేసినవాళ్ళు లోపలికి వెళ్ళాలంటే ఆఫీసరుగారి స్లిప్పు కావాలట. ఆ ఆఫీసరు ఎవరయ్యా అంటే, మీరే కదండీ, మీరేమో మానేశారు అన్నాడు. పోనీ కాగితం నువ్వే తీసుకోమంటే, గేటు దగ్గర కాగితాలు తీసుకోరాదన్న నోటీసు చూపించాడు. దాని కింద సంతకం ఎవరిదో చదవాల్సిన పని రూల్సుగారికి లేకపోయింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు గానీ, ఈయన ఆ గోతిని ఏళ్ళ తరబడి నున్నగా చెక్కి పెట్టుకున్నాడు.

నోటీసులో హెల్ప్‌లైన్ నంబరుంది కదా, చేసి చూడమంది భార్య. చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎంగేజ్. ఎవడో పనిలేని వెధవ గంటలకొద్దీ మాట్లాడుతున్నాడని విసుక్కున్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ నంబరు చదివింది.

"ఇది మీ సెల్ నంబరేనండీ," అంది.

ఇంతలో చేతుల్లో ఫైళ్ళతో కొందరు రాగా, వాచ్‌మన్ గేటు బార్లా తీశాడు. ఖాళీ అయిన ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూలట. మానేసినవాళ్ళు ఇంటర్వ్యూకి రాకూడదని రూలు రాయడం ఒక్కటే రూల్సుగారు మర్చిపోయాడు. వెంటనే దరఖాస్తు భార్య చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి ఎలాగోలా స్లిప్పు పంపిస్తానని చెప్పి, ఆవిణ్ణి గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ గుంపులో కలిసిపోయాడు. వాచ్‌మన్ కాసేపు తల గోక్కుని, ఇంటర్వ్యూ బ్యాడ్జీ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు.

లోపల మెల్లగా జారుకుందామనుకుంటే మధ్యాహ్నం వరకూ కూర్చోబెట్టి మరీ పిలిచారు. డైరెక్టరు కొత్తాయన, పాత మొహాలేవీ ఎరగడు. మానేసినవాళ్ళ ఇన్సూరెన్స్ సంగతి మీరైతే ఎలా చూస్తారని అడిగాడు.

"దరఖాస్తుని గేటు దగ్గరే ఆపేసే రూలు ఎవడు రాశాడో గానీ సార్, వాళ్ళింట్లో ఎవరికీ ఎప్పుడూ జబ్బు చేసుండదు," అన్నాడు రూల్సుగారు. బెంచీ మీద పొట్ట పట్టుకుని కూర్చున్న భార్య గుర్తొచ్చింది. అదే బెంచీ మీద ఇన్నేళ్ళుగా తాను కూర్చోబెట్టినవాళ్ళంతా గుర్తొచ్చారు. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

డైరెక్టరు కదిలిపోయి, ఇప్పుడే చేరగలరా అన్నాడు. బావమరిది సంగతి తట్టనే లేదు రూల్సుగారికి. ఆఫీసరైతే సంతకం తనదే. సరేనన్నాడు.

పాత కుర్చీ, పాత బల్ల. ఫ్యాను వేసుకుని, పెన్నుల డబ్బా ఎడమ పక్కకి జరిపి, భార్యకి స్లిప్పు రాద్దామని కాగితం తీశాడు. ఇంటర్‌కమ్ మోగింది. డ్యూటీ మారి వచ్చిన రెండో వాచ్‌మన్.

"సార్, ఇన్సూరెన్స్ కాగితం పట్టుకుని ఎవరో ఒకావిడ..."

"రేపు రమ్మను," అంది ఆయన నోరు.

ఫోన్ పెట్టేశాక గానీ ఆ ఒకావిడ ఎవరో ఆయనకి తట్టలేదు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒకసారి రేపు రమ్మన్నాక ఆరోజు మళ్ళీ ఫోన్ ఎత్తకూడదని గేటుకి రూలుంది. మెట్లన్నీ దూకుకుంటూ పరిగెత్తాడు.

అప్పటికే ఇల్లాలు చెయ్యడ్డం పెట్టి డైరెక్టరు కారు ఆపేసింది. ఆయన ఆవిడ దరఖాస్తుని బానెట్ మీద పెట్టి సంతకం చేస్తూ, మా కొత్త ఆఫీసరు అలా అనే మనిషి కాదమ్మా అంటున్నాడు. రొప్పుతూ వచ్చిన రూల్సుగారిని చూసి పెన్ను ఆపాడు.

"ఈవిణ్ణి రేపు రమ్మన్నది మీరేనా? ఈవిడెవరో కనుక్కున్నారా అసలు?"

"మా ఆవిడండీ," అన్నాడు రూల్సుగారు.

డైరెక్టరు సంతకం పూర్తిచేసి పెన్నుకి మూత పెట్టుకున్నాడు. తరవాత దరఖాస్తుని వాచ్‌మన్ చేతికిచ్చి లోపలికి పంపించి, వాడి చెవిలో మరో మాట కూడా చెప్పి కారెక్కాడు. వాచ్‌మన్ ఎంతో మర్యాదగా వచ్చి, బ్యాడ్జీ ఇచ్చేయమన్నాడు.

ఇన్సూరెన్స్ నిలబడింది. ఇంటికి చేరేలోపు ఇల్లాలు ఆ లావుపాటి నవల పూర్తిచేసింది. సాయంత్రం రూల్సుగారు బావమరిదికి ఫోన్ చేసి, ఉద్యోగంలో ఎప్పుడు చేరమంటావని బెరుగ్గా అడిగాడు.

"రేపు రండి బావగారూ," అన్నాడు అతను ఆప్యాయంగా.

రూల్సుగారికి ముచ్చెమటలు పట్టాయి.