మల్లికార్జునం నెత్తురిచ్చిన రోజు

ఆ గురువారం మల్లికార్జునం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయగిరిలో ఆరు గంటల బస్సెక్కాలి, ఆత్మకూరు ఆసుపత్రిలో ఒక సీసా నెత్తురివ్వాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి బట్టల అంగడి తెరవాలి. నెత్తురు పీర్ మహమ్మద్‌కు. ఆ అంగడి అరుగు మీదే పన్నెండేళ్లుగా మిషను కుడుతున్న దర్జీ ఆయన. కడుపులో పుండుకు ఆపరేషను చేయాలనీ, నెత్తురిచ్చే మనిషి దొరికితేనే చేస్తాననీ డాక్టరు చెప్పాడు. భార్య జాన్‌బీ నెత్తురు ఆయనకు కలవలేదు. “నేనుండాను గదా!” అనేశాడు మల్లికార్జునం. అన్నప్పటి నుంచీ ఆయనకు అన్నం సయించలేదు.

ఇంట్లో మాత్రం సరుకు కోసం పోతున్నానని చెప్పాడు. నిజం చెబితే, ఇంట్లోనే ఉంటున్న అత్తగారు హనుమాయమ్మ గడప దాటనివ్వదు. కానీ భయాన్ని ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే లోపల ఆగదు. బస్సు కదలగానే కండక్టరు కామయ్యను పిలిచాడు.

“కామయ్యా, మనిషి ఒంట్లో నెత్తురెంత ఉంటాదబ్బా?”

“నన్నడిగితే యెట్టా? నా కాడ టిక్కెట్లెన్నుండాయో అడుగు, చెప్తా. ఎందుకంట?”

“పీరుకి ఒక సీసా ఇస్తుండా. తీసినాక మళ్లీ ఊరుద్దా, అట్టనే ఖాళీగా ఉండిపోద్దా అని.”

కామయ్య ఆయన్ను ఎగాదిగా చూసి, లేచి తన సీటిచ్చాడు. దాంతో మల్లికార్జునం భయం ఇంకాస్త పెరిగింది.

సగం దారిలో ఎదురు బస్సు వచ్చింది. అలవాటు ప్రకారం రెండూ పక్కపక్కనే ఆగాయి. కామయ్య కిటికీలోంచి గొంతెత్తి కబురు చెప్పాడు. రెండు ఇంజన్ల మోతలో అవతలి కండక్టరుకు వినిపించినవి మూడే మాటలు: మల్లికార్జునం, పీరు, నెత్తురు.

ఎనిమిదింటికి ఆ మాటలు ఉదయగిరి చేరాయి. ఇద్దరూ కొట్టుకుని నెత్తురు కళ్లజూశారని బస్టాండులో అనుకున్నారు. పీరు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసిన కాఫీ హోటలాయన దాన్ని సరిదిద్దాడు. “కొట్టుకోలేదబ్బా. ఈయన నెత్తురంతా ఆయనకెక్కించి, ఆయన నెత్తురు ఈయనకెక్కిస్తారంట!”

ఈ సరిదిద్దిన కబురే హనుమాయమ్మ చెవిన పడింది. ఆమె పిండి రుబ్బుతూ ఆగి, ఒక్క క్షణం ఆలోచించింది.

“పీరు కాడ నెత్తురు లేదనే గదా మా అల్లుడిది ఎక్కించేది? ఇంక ఈయనకెక్కించేది ఏందంట?”

ఆమె దానిమ్మకాయలు, ఖర్జూరం, నువ్వుండలు బుట్టలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తింది. మల్లికార్జునం అన్నగారు జనార్దనయ్య కూడా బయలుదేరాడు. ఆయన చేతిలో బుట్ట లేదు, స్టాంపు కాగితం ఉంది. నెత్తురు పోస్తే రక్తసంబంధం ఏర్పడుతుందనీ, రేపు పీరు అంగడిలో వాటా అడుగుతాడనీ ఆయన దిగులు.

అక్కడ ఆత్మకూరులో డాక్టరు చంద్రశేఖర్ మల్లికార్జునాన్ని కూర్చోబెట్టి ఓపికగా చెబుతున్నాడు. “మీ ఒంట్లో పది పన్నెండు సీసాల నెత్తురుంటుంది. మేం తీసేది ఒక్కటి. నీళ్ల భాగం ఒకటి రెండు రోజుల్లో, మిగతాది కొన్ని వారాల్లో ఒళ్లే తయారు చేసుకుంటుంది.”

“బలం పోదా సార్? గుడ్డ కొలిచేటప్పుడు చెయ్యి వణికితే గిరాకీ పోతాది.”

“పోదు. ముందు పరీక్షకు వేలి మీద చిన్నగా గుచ్చుతాను. అటు చూడకండి.”

చూడవద్దంటే చూడకుండా ఉండటం ఎవరి తరం? వేలి కొసన ఎర్రగా ఒక్క బొట్టు పైకొచ్చింది. మల్లికార్జునం దాన్ని చూశాడు. తరువాత పైకప్పు చూశాడు. ఆ తరువాత ఏమీ చూడలేదు.

సరిగ్గా పదిన్నరకు హనుమాయమ్మ లోపలికొచ్చేసరికి అల్లుడు దుప్పటి కప్పుకుని, సున్నం కొట్టిన గోడలా తెల్లగా పడి ఉన్నాడు.

“అయ్యో, మొత్తం తోడేసినారే! నాయనా డాక్టరూ, ఇంటి దీపం ఆరిపోకుండా అడుగునన్నా కాస్త ఉంచొద్దా?”

“ఒక్క బొట్టు తీశామమ్మా,” అన్నాడు డాక్టరు.

హనుమాయమ్మ ఏడుపు ఆపి అల్లుడి వంక చూసింది. ఆ చూపుకు మల్లికార్జునం తెరుస్తున్న కళ్లు మళ్లీ మూసుకున్నాడు.

పక్క మంచం దగ్గర జనార్దనయ్య కాగితం తీశాడు. పీర్ మహమ్మద్ కడుపు పట్టుకునే అంతా చదివాడు.

“సంతకం పెడతా శెట్టీ. నా మిషన్లో మీకు వాటా వద్దనేది కూడా రాసినావా?”

జనార్దనయ్య కాగితం తిప్పి చూశాడు. రాయలేదు.

ఇంతలో డాక్టరు గడియారం చూసుకున్నాడు. “ఈయన నెత్తురు కలిసింది గానీ, బొట్టుకే పడిపోయిన మనిషి దగ్గర సీసా తీయలేను. ఆపరేషను చేసే సర్జను నెల్లూరు నుంచి వచ్చి కూర్చున్నారు. సాయంత్రం వెళ్లిపోతారు. గంటలో ఇంకొకరు కావాలి.”

జాన్‌బీ ముఖం పాలిపోయింది. జనార్దనయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఐదో మడత కోసం వెతుకుతున్నాడు.

“నాది చూడు నాయనా,” అంది హనుమాయమ్మ, బుట్ట కింద పెట్టి. “నలభై ఎనిమిదేళ్లు నాకు. ఒక్కనాడూ మంచం పట్టలేదు. కాకపోతే నా నోరు గూడా పీరుకొస్తే నేను పూచీ కాదు.”

“నెత్తురుతో నోరు రాదమ్మా.”

“వచ్చినా పరవాలేదు పెద్దమ్మా,” అంది జాన్‌బీ కళ్లు తుడుచుకుంటూ. “మనిషి ఇంటికొస్తే చాలు.”

హనుమాయమ్మ నెత్తురు కలిసింది. సీసా నిండేదాకా ఆమె నర్సుకు ఊరగాయ పెట్టే పద్ధతి చెబుతూనే ఉంది. ఆ తరువాత కాసేపు పడుకుని లేచి, నువ్వుండలు రెండు తిని, కాఫీ తాగింది. ఆపరేషను బాగా జరిగిందని రెండింటికి డాక్టరు చెప్పాక, జాన్‌బీ తల నిమిరి, దానిమ్మకాయలన్నీ ఆమె ఒళ్లో పోసి బస్సెక్కింది. ఖాళీ బుట్ట జనార్దనయ్య మోశాడు. మల్లికార్జునం అత్తగారి భుజం పట్టుకుని నడిచాడు.

ఉదయగిరిలో బస్సు ఆగేసరికి మేళం మోగింది. మధ్యాహ్నమే తిరిగొచ్చిన కామయ్య ఊరంతా చాటి, చందాలేసి బంతిపూల దండ తెప్పించాడు. అత్తగారి ఆసరాతో తూలుతూ దిగిన మల్లికార్జునాన్ని చూసి జనం అయ్యో పాపం అన్నారు. నిజం చెబుదామని ఆయన నోరు తెరిచాడు. దండ మెడలో పడింది. ఆయన హనుమాయమ్మ వంక చూశాడు. ఆమె బుట్ట తీసుకుని, “పిండి అట్టే వదిలేసి వచ్చినాను,” అంటూ ఇంటిదారి పట్టింది.

“నొప్పి పుట్టినాదా శెట్టీ?” అని అడిగాడు కామయ్య, అందరూ వినేలా.

“సూది దిగినప్పుడు కాస్త,” అన్నాడు మల్లికార్జునం దండ సర్దుకుంటూ. “ఆ తరవాత నాకేం తెలీలా.”

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.