సీటు మెత్తకు మాస్క్

డిపోలో నన్నందరూ హారన్ బాబాయి అంటారు. నేను హారన్ గట్టిగా కొడతానని కాదు. రెస్ట్ రూములో నేను కునుకు తీస్తే చాలు, నా గురకకు మిగతా డ్రైవర్లు లేచి డ్యూటీకి వెళ్ళిపోయేవారు. అప్పట్లో అదంతా నవ్వులాటగానే ఉండేది.

మూడు నెలల కిందట ఒక తెల్లవారుజామున, మలుపు దగ్గర నాకు రెప్ప పడింది. బస్సు వెళ్ళి దీపస్తంభాన్ని రాసుకుంది. అద్దం పగిలింది తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. లోపల నలభై మంది ఉన్నారు. ఆ అంకె గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

డిపో డాక్టరు పరీక్షలు చేయించి, నిద్రలో నాకు ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందని తేల్చాడు. "పగలు పడుకున్నప్పుడు ఈ మెషిన్ పెట్టుకోండి. ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టంలోంచి గాలి. రోజుకి నాలుగు గంటలకు తగ్గకూడదు. అంతా మెషిన్ లోపలున్న కార్డులో నమోదవుతుంది. నెల తర్వాత కార్డు చూసి స్టీరింగ్ సంగతి చెప్తాను" అన్నాడు.

అంతవరకూ రాత్రిళ్ళు గేటు దగ్గర కూర్చుని, బయటికెళ్ళే బస్సుల నంబర్లు రాసే పని. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాడు వెళ్ళిపోయే బస్సుల వీపులు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే దిగులు.

మా ఇంట్లో అప్పటికే ఒక మిషన్ ఉంది. మా ఆవిడ ముందు గదిలో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. వెనక గదిలో నా మెషిన్ చేరింది.

వెల్లకిలా పడుకుంటే నా మెషిన్ బుద్ధిమంతురాలే. కానీ నేను పుట్టినప్పటినుంచీ పక్కకు తిరిగి పడుకునే మనిషిని. తిరిగానా, దిండు మాస్కుని తోసేది. సందులోంచి గాలి తప్పించుకుని ఈల వేసేది. ఆ ఈల విని పక్కింటావిడ ఒకరోజు తన కుక్కర్ కింద స్టవ్ ఆపేసిందట. వాళ్ళాయన ఆ పూట ఉడకని అన్నం తిని పనికెళ్ళాడు.

"వెల్లకిలా పడుకోరాదూ?" అంది మా ఆవిడ.

"శవంలా పడుకోమంటావా?"

"శవం కాకూడదనే కదా ఆ మెషిన్."

"నీ మిషన్ చప్పుడు నేను పదేళ్ళు భరించలేదా?"

"నా మిషన్ చివర గౌను వస్తుంది. మీ మెషిన్ చివర ఏమొస్తోంది?"

రోజూ గంట తిరక్కుండా మాస్కు పీకి అవతల పారేసేవాణ్ణి. అలా వారం గడిచింది. కార్డులో రోజుకి నలభై నిమిషాలు కూడా పడి ఉండవు. స్టీరింగ్ నా చేతుల్లోంచి జారిపోతున్నట్టే అనిపించింది.

ఎనిమిదో రోజున నాకు ఉపాయం తట్టింది. డిపోలో పనికిరాని సామాన్ల కుప్పలోంచి పాత బస్సు సీటు మెత్త ఒకటి ఇంటికి తెచ్చాను. మనిషి తలంత ఉంది, పైన నున్నటి రెక్సిన్. దానికి మాస్కు తగిలించి పట్టీలు బిగించి మెషిన్ ఆన్ చేశాను. ఈల లేదు, కీచు లేదు. నాకంటే ఆ మెత్త మొహానికే మాస్కు బాగా నప్పింది. గంటలు దాని ఖాతాలో, నిద్ర నా ఖాతాలో అనుకుని హాయిగా పక్కకు తిరిగి పడుకున్నాను.

"ఇవాళ చప్పుడు లేదే?" అంది మా ఆవిడ సాయంత్రం.

"అలవాటైపోయింది" అన్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఊపింది.

మర్నాడు నాకు కొత్త దిండు కుట్టి ఇచ్చింది. ఒక అంచున ఎవరో కొరికినట్టు సగం చందమామంత గుంట. దూది చాలలేదేమో అనుకుని, పెద్దమనసుతో ఏమీ అనలేదు.

వింత ఏమిటంటే, నాలుగు రోజులకే నా ఒళ్ళు తేలికపడింది. గేటు దగ్గర ఒక్క కునుకు కూడా రాలేదు. చెంపల మీద గీతలు పడేవి గానీ, అవి దిండు కుట్టువి అనుకున్నాను. మాస్కు లేకపోతేనే నాకు ఆరోగ్యం, ఈ డాక్టర్లకేం తెలుసు అని నెల నిండే ముందురోజు డిపోలో మెకానిక్ స్పానర్ మామ దగ్గర గొప్పలు పోయాను.

ఆయన గ్రీజు చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "ఒరే హారనూ, ఆ కార్డులో గంటలే కాదురా, ప్రతి ఊపిరీ పడుతుంది. మా బావకీ ఉంది అది. నీ సీటు మెత్త ఊపిరి పీలుస్తోందా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కార్డు చూపించాల్సింది మర్నాడే. ఆ కార్డు ప్రకారం నేను చచ్చిపోయి మూడు వారాలైంది. చచ్చినవాడికి స్టీరింగ్ ఎవరిస్తారు?

మర్నాడు మా ఆవిడ కూడా వస్తానని బయల్దేరింది. డాక్టరు కార్డు తీసుకుని కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద ఇంకా ఏమీ రాలేదు. "సరే, చూద్దాం" అన్నాడంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పైపోయింది సార్. మూడు వారాలుగా నేను మాస్కు పెట్టుకోలేదు. బస్సు సీటు మెత్తకు పెట్టాను."

మా ఆవిడ మోచేత్తో నా పక్కలో పొడిచింది. నేను ఆగలేదు. రెక్సిన్ రంగుతో సహా అంతా చెప్పేశాను.

డాక్టరు తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. "మొదటి వారం ఘోరంగా ఉంది. తర్వాత రోజుకి ఐదున్నర గంటలు. ఊపిరి చక్కగా ఉంది, గాలి ఎక్కడా కారలేదు. మీ మెత్తకు ఏ జబ్బూ లేదండీ" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మా ఆవిడ నేల చూపులు చూస్తూ అంది: "ఆయనకే పెట్టానండీ. నిద్ర పట్టగానే మెత్త నుంచి తీసి ఆయనకు తగిలించేదాన్ని. లేచే ముందు మళ్ళీ మెత్తకు కట్టేసేదాన్ని. పక్కకు తిరిగితే మాస్కు నలగకుండా, మొహం కొలిచి దిండుకి గుంట తీశాను. అయినా ఈల వస్తే అంచు చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని."

"నాకు చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే ఇంకో ఉపాయం ఆలోచిస్తారు. ఇదైతే నాకు తెలిసినదే కదా అని ఊరుకున్నాను."

డాక్టరు కలానికి మూత పెట్టేశాడు. "అమ్మా, మీ మాట నేను నమ్ముతాను. కానీ పెట్టుకోలేదని ఆయనే తన నోటితో చెప్పారు. ఈ ఊపిరి ఎవరిదని రాయను? వెనక నలభై మంది కూర్చుంటారు. ఇంకో నెల చూద్దాం."

ఇంటికి బస్సులోనే వెళ్ళాం. నా రూటు బస్సు, నా సీట్లో ఇంకొకడు. దీపస్తంభం దగ్గర మలుపు నాకంటే మెత్తగా తిప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ నోరు ఒక్క నిమిషం మూసుకుని ఉంటే, రేపు డ్యూటీ ఎక్కేవారు" అంది మా ఆవిడ.

"పగలంతా నా దగ్గర నిలబడితే, యూనిఫారాలు ఎప్పుడు కుట్టావు?"

"మీరు గేటు దగ్గరున్నప్పుడు." కొంగు సర్దుకుని అంది: "మెషిన్ రాకముందు మీ ఊపిరి ఆగినప్పుడల్లా అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు ముప్పై రెండు దాకా వచ్చింది. అన్ని అంకెలు లెక్కపెట్టడం కంటే నిలబడటం తేలికండీ."

కాసేపటికి ఆవిడ నా భుజం మీద తల వాల్చి, పక్కకు తిరిగి నిద్రపోయింది. మా స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను లేపలేదు. చివరి స్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం.

మర్నాడు పొద్దున్న నా అంతట నేనే మాస్కు పెట్టుకుని, గుంట దిండు మీద పక్కకు తిరిగి పడుకున్నాను. ఈల లేదు. తల ఎత్తి చూస్తే, మంచం పక్కన స్టూలు వేసి ఉంది. దాని మీద నా సీటు మెత్త. మెత్త మీద మా ఆవిడ, ఒళ్ళో బొత్తాలు కుట్టాల్సిన చొక్కాలు.

"నువ్వెళ్ళి కుట్టుకో. నేనే పెట్టుకున్నాను కదా" అన్నాను మాస్కులోంచి.

"పెట్టుకున్నది మీరేనని నాకేమిటి నమ్మకం?" అంటూ ఆవిడ బొత్తానికి దారం ముడి వేసి, నా దుప్పటి సర్దింది.