మూడో అంతస్తులో ఐక్య యూరప్

యూరప్ దేశాలు ఎప్పటికైనా ఒక్కటవుతాయా అని పెద్ద పెద్ద పత్రికలు అనుమానపడుతున్న రోజుల్లో, అంటే పందొమ్మిది వందల తొంభైలో, అవి కువైట్‌లోని జాబ్రియాలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్కటైపోయాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఊరిని ఆక్రమించిన ఇరాక్ సైన్యం తెల్లవాళ్ళు కనబడితే పట్టుకుపోతోంది. అందుకని ఆ ఇంటి యజమాని ఇటలీ ఇంజనీరుగారు, ఫ్రెంచి దంపతులు, ఒక జర్మను ఒకే కర్టెన్ వెనక దాక్కున్నారు. ఆ ఆరు నెలలూ యూరప్ సంఘానికి అధ్యక్షత ఇటలీదే కాబట్టి సోఫా ఇంజనీరుగారికి దక్కింది.

ఆయన రోజూ ఉపన్యసించేవారు. "మా ఇటలీలో ఎవరినైనా అడగండి! యూరప్ ఒక్కటి కావాలంటారు. యుద్ధం వద్దంటారు. అన్యాయాన్ని మాత్రం సహించకూడదంటారు!" ఇన్ని మంచి అభిప్రాయాలున్న జనానికి ఇక విదేశాంగ విధానం దేనికో నాకు అర్థం కాలేదు.

బేకరీ ముందు వరసలో నిలబడి రొట్టెలు తెచ్చేది మాత్రం కడప నుంచి వచ్చిన పనిమనిషి రెడ్డెమ్మ. మనవాళ్ళు దేశం విడిచి పోవడానికి సైన్యం అడ్డు చెప్పడం లేదు. సాల్మియాలో పనిచేసే ఆమె చెల్లెలు చిట్టి, జోర్డాను పోయే బస్సులో ఇద్దరికీ సీట్లు పట్టి ఉంచింది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఇంజనీరుగారి బీరువాలో ఉంది. ఇమ్మని అడిగింది.

ప్రజాస్వామ్యం కదా, ఓటింగు పెట్టారు. రెడ్డెమ్మకు వెళ్ళే హక్కుందా? అన్ని చేతులూ లేచాయి. ఫ్రెంచావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. అయితే రేపే వెళ్ళాలా? ఈ అంశాన్ని లోతుగా పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘంలోనూ ఆ నలుగురే.

మర్నాడు చిట్టి రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, పాస్‌పోర్టు ఇచ్చినారా లేదా? బస్సోడు యల్లా యల్లా, ఎక్కండి ఎక్కండి అని అరుస్తాండాడు."

"చేతులెత్తినారు చిట్టీ. ఇంగా దించలే."

"నువ్వు లేకుండా నేనెట్ల పోయేదక్కా?"

"పోవే. ఇద్దరమూ ఈడే ఉంటే ఎవురికి లాభం? దావలో ఎవురేమిచ్చినా తినాకు."

విడిపోయేటప్పుడు మనుషులు ఇలాంటివే చెప్పుకుంటారు.

చిట్టి ఒక్కతే దిగిపోయింది. తలుపు దగ్గరే నిలబడిపోయిన రెడ్డెమ్మతో ఇంజనీరుగారు, "నీ బాధ యావత్ యూరప్ బాధ" అని ప్రకటించి, రొట్టెల సంచీ చేతికిచ్చారు.

మీరు నవ్వుతున్నారు, మంచిదే. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ "చెల్లెలికి బాగాలేదమ్మా, రేపటి నుంచి రాలేను" అన్నప్పుడు మీరు మొదట చూసింది ఆమె మొహమా, సింకులో గిన్నెలా?